గోపురం గచ్చులో గుప్పెడు ఉప్పు

పదకొండేళ్లుగా ఒక గుప్పెడు ఉప్పును మోస్తున్నాను. చేతిలో కాదు, కొంగు ముడిలోనూ కాదు. లోపల ఎక్కడో. బరువెంత అని అడిగితే చెప్పలేను. నీళ్లకుండ అయితే దించుకోవచ్చు, సున్నం గంప అయితే ఇంకొకరి నెత్తికి ఎత్తవచ్చు. దీన్ని దించే చోటే నాకు దొరకలేదు. అందుకే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ అదే మంచిది.

హోసూరు తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ పైన నాకు అబ్బిన విద్య సున్నం రుబ్బడమే. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. చేసిన పనిలో తప్పును మాత్రం సర్దుకోమని అడగను.

ఒక మాట ముందే చెప్పాలి. అది తెలియక చేసిన పని కాదు. కోపంలో ఒళ్లు తెలియక చేసిందీ కాదు. ఈర్ష్యతో చేశాను. తీరిగ్గా, చేతులు వణక్కుండా చేశాను.

హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే దారిలో, శూలగిరి దాటాక ఒక గుట్ట ఉంది. పేరు చెప్పను. దాని మీద పాత గుడి. గోపురం సందుల్లో మొక్కలు మొలిచి, బొమ్మల ముక్కులూ చేతులూ రాలిపోయి, కింది నుంచి చూస్తే జబ్బుపడిన మనిషిలా ఉండేది. కృష్ణగిరి దగ్గర ఆనకట్ట పని జరుగుతున్న రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి దాన్ని బాగు చేయించడానికి పూనుకున్నారు. గచ్చు బొమ్మల పని మా ఆయనకు దొరికింది. ఆయన మా అమ్మకు తమ్ముడి వరస. మామా అని పిలిచేదాన్ని, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. ఊళ్లో అందరికీ మేస్త్రీ.

గచ్చు అంటే ఉత్త సున్నం కాదు. సున్నాన్ని గుంటలో నానబెట్టి, కరక్కాయా బెల్లమూ ఊరిన నీళ్లు పోసి, రాతి మీద రోజుల తరబడి రుబ్బాలి. ఆఖరి పూతకైతే వెన్నలా రావాలి. బొమ్మకు ముఖం వచ్చేది ఆ పూతతోనే. ఆ రుబ్బుడు నాది. మా వాళ్లలో నా అంత మెత్తగా రుబ్బేవాళ్లు లేరని ఆయనే నలుగురిలో చెప్పేవాడు.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. గచ్చు దగ్గరికి ఉప్పు రాకూడదు. ఉప్పు చేరిన గచ్చు ఆరినప్పుడు బాగానే కనిపిస్తుంది. వానలు పడ్డాక తెల్లగా పూసి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని సంగటి దూరంగా కూర్చుని తిని, చేతులు మూడుసార్లు కడుక్కుని గాని ఎవరూ పనిలోకి వచ్చేవాళ్లు కాదు. పూత వేసే ముందు మేస్త్రీ గోటి కొనతో కొంచెం గచ్చు తీసి నాలుకకు తాకించి ఉమ్మేస్తాడు. ఆకులకు సున్నం రాసుకుని నమిలేవాళ్లం, నాలుక కాలుతుందన్న భయం మాకు లేదు. ఎవరు రుబ్బినా ఆయన రుచి చూడాల్సిందే, నేను రుబ్బింది తప్ప. “నువ్వు రుబ్బినాక చూసేదేముండాది” అనేవాడు. ఆయన నాకు చీరలు పెద్దగా కొనలేదు, నగలు అసలే లేవు. ఆ ఒక్క మాటే పెట్టాడు. దాన్ని ఒంటి నిండా వేసుకుని తిరిగేదాన్ని.

ఇప్పుడు మునెమ్మ గురించి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ మనసు రావడం లేదు.

గుట్ట కింది ఊరి మనిషి. మొగుడు పోయాడు. నేను గుట్ట కింద పాకలో రుబ్బేదాన్ని, నీళ్లూ గచ్చూ నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి పైకి మోసేది ఆమె. అందగత్తె కాదు అని రాద్దామనుకున్నాను. అబద్ధం రాయడానికి కాదు కదా కూర్చున్నది. అందగత్తే. కుండ మోసీ మోసీ మెడ ఎడమకు కొంచెం వాలి ఉండేది, కుండ లేనప్పుడు కూడా. గడ్డం మీద చిన్న గుంట. నన్ను అక్కా అని పిలిచేది. నేను పొద్దుగూకేదాకా రుబ్బిన గచ్చు ఆమె నెత్తి మీదుగా ఆయన చేతికి చేరేది. అది బాగుందని ఆయన అన్న మాట మాత్రం ఆమె చెవిన పడేది, నాకు సాయంత్రం ఆమె నోటి వెంట వచ్చేది. నా మొగుడి మాటను ఇంకొకతె నాకు తెచ్చి ఇవ్వడం ఏమిటి? అది న్యాయమైన ప్రశ్న కాదని అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా?

ఆ ఎండాకాలం మా అమ్మకు జ్వరం వస్తే హోసూరులో పది రోజులు ఉండిపోయాను. పదకొండో రోజు పొద్దున మా వీధిలోకి మోటారు సైకిలు చప్పుడు వచ్చింది. చూస్తే మామ. బండి గుడి పని చూసే ఓవర్సీరుది. సరుకులు తేవడానికి అప్పుడప్పుడు ఈయనకు ఇచ్చేవాడు. కరక్కాయలూ బెల్లమూ కొనుక్కుని, నన్నూ తీసుకుపోవడానికి వచ్చాడు. వీధిలో ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను పక్కవాటుగా కూర్చుని, ఒళ్లో కరక్కాయల గోతం పెట్టుకుని, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేశాను. అంతకుముందు పగటిపూట నలుగురిలో ఆయన్ను తాకి ఎరుగను. బండి ఎందుకు అంత తొందరగా మలుపు తిరిగిందా అని బాధపడ్డాను. ఇంకా నలుగురు చూడాల్సింది.

ఊరు దాటాక గాలి చెవుల్లో హోరుమంది. మామిడి తోటలు, రాగి చేలు, దూరంగా గుట్టలు వెనక్కి పోతున్నాయి. నా బతుకులో అంత సంతోషం మళ్లీ రాలేదు. దాన్ని నేనే పాడుచేసుకున్నాను, ఒక్క ప్రశ్న అడిగి.

“ఈ పది దినాలు గచ్చు ఎవురు రుబ్బినారు మామా?”

“మునెమ్మ రుబ్బింది. బాగానే వచ్చింది” అని గాలికి ఎదురుగా అరిచి చెప్పాడు.

కొంతదూరం పోయాక మళ్లీ అడిగాను. “రుచి చూసినావా?”

“లేదు” అన్నాడు. “మెత్తగానే ఉన్నింది. చూడలేదు.”

బండి పోతూనే ఉంది. నా చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. కానీ ఆ లేదు అన్న మాటతో నేను పోగొట్టుకున్నది మీకు అర్థమవుతుందా? మీకు చిన్న సంగతే. పనిలో మునిగిన మనిషి ఒక రోజు రుచి చూడడం మరిచిపోయి ఉంటాడు. అలా ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ, నాకు తప్ప ఎవరికీ లేనిదాన్ని పది రోజుల్లో ఇంకొకతెకు ఇచ్చేశాడనే అనిపించింది.

శూలగిరిలో టీ తాగడానికి ఆపాడు. రెండు మూరల పూలు కొని, ఒక మూర నాకు ఇచ్చి, ఇంకో మూర ఆకులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి గుట్ట దాకా నా కళ్లు ఆ జేబు మీదే. గుట్ట కింద వినాయకుడికి ఆ పూలు వేసి దండం పెట్టాడు. వినాయకుడి పూల మీద కూడా అనుమానపడిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇటుకలూ సున్నమూ ఎక్కించడానికి గుట్ట చుట్టూ బండ్ల దారి వేశారు. మోటారు సైకిలు దాని మీద మూలుగుతూ గోపురం దాకా ఎక్కింది. దిగీ దిగగానే ఆయన నా చెయ్యి పట్టుకుని పరంజా కిందికి తీసుకుపోయి పైకి చూపించాడు. రెండో అంతస్తులో, అమ్మవారి పక్కన, వింజామర పట్టుకున్న చెలికత్తె బొమ్మ. ఆఖరి పూత ఒక్కటే మిగిలి ఉంది. మెడ ఎడమకు కొంచెం వాలి ఉంది. గడ్డం మీద చిన్న గుంట.

“ఎట్లుండాది మే?”

“బాగుండాది మామా.”

“ఆఖరి పూత నువ్వు రుబ్బిందే వేయాలని నిలిపి పెట్టినాను. దీనికి మునెమ్మ గచ్చు చాలదు.”

ఆయన ఎంత మురిపెంగా అన్నాడో. ఇంకో రోజు వినుంటే పొంగిపోయేదాన్ని. ఆ రోజు నాకు వినిపించింది వేరు. ఆమె ముఖానికి నేను మెరుగు రుబ్బాలి.

ఇక్కడ మీరు నన్ను ఆపి, నీ భ్రమ అయ్యుంటుంది అనవచ్చు. కాదు. ఆ ముఖం మునెమ్మదే. ఈ పదకొండేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఇంకేమైనా ఉందా అని నేను వెతకని మూల లేదు. ఏమీ దొరకలేదు. ఆ ముఖం ఒక్కటే. అది నిజం. నేను పొరపాటుపడి ఉంటే నా బరువు ఇంకో రకంగా ఉండేది, కాస్త జాలిగా ఉండేదేమో. పొరపాటు పడలేదు. సరిగ్గానే చూశాను, చూసే చేశాను.

మరునాడు మధ్యాహ్నం అందరూ సంగటి తినడానికి పోయారు. నా మూటలో రాళ్ల ఉప్పు ఉంది, పచ్చిమిరపకాయలతో నంజుకోవడానికి. గుప్పెడు తీసి, ముందు విడిగా మెత్తగా నూరాను. పలుకు తగిలితే ఆయన వేళ్లకు తెలిసిపోతుంది. తరువాత గచ్చులో పోసి రుబ్బాను. అంత శ్రద్ధగా ఎప్పుడూ రుబ్బలేదు. ఆయన నాలుకకు తాకించి చూడడని నాకు తెలుసు. నా మీద ఆయనకున్న నమ్మకం ఎంతో నాకు తెలుసు, దాని మీదే నిలబడి చేశాను. అయిపోయాక చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. అలవాటు.

మునెమ్మ వచ్చింది. గంప నేనే ఆమె నెత్తికి ఎత్తాను. మెడ వాల్చి నవ్వి, మెట్లెక్కి పోయింది.

నేను అనుకున్నది ఆ ఒక్క ముఖం. వానలకు రాలిపోతే మళ్లీ చేస్తాడు, అప్పుడు ఇంకో ముఖం వస్తుంది, అంతే కదా అనుకున్నాను. పొద్దుగూకే వేళకు మునెమ్మ దిగి వచ్చి, ఎప్పటిలాగే ఆయన మాట తెచ్చింది. “అక్కా, నీ గచ్చు వెన్న మాదిరి ఉండాదంట. మిగిలింది పారేసేదానికి మనసు రాలేదని అమ్మవారి మొగానికి పూసినాడు మేస్త్రీ.”

పూత ఇంకా తడిగానే ఉంటుంది. గీకేయవచ్చు. మెట్లెక్కి పోయి ఒక్క మాట చెబితే చాలు. లేచాను కూడా. పాక గుంజ పట్టుకుని నిలబడి, మళ్లీ కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నాను? భయమా? చెబితే ఎందుకు వేశావని అడుగుతాడు, వేసిన కారణం చెప్పాలి, నీ బొమ్మ ముఖం నేను గుర్తుపట్టాను అని నా నోటితో అనాలి. అది అనడం కంటే అమ్మవారి ముఖం రాలిపోవడమే నాకు తేలికైంది. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

కుంభాభిషేకం ఘనంగా జరిగింది. మామకు తలపాగా చుట్టి, శాలువా కప్పారు. నేను జనంలో నిలబడి చూశాను. కార్తీకం వానలు వెలిశాక, గుట్ట మీదికి రమ్మని కబురు వచ్చింది.

బండ్ల దారిని అప్పటికే ముళ్లకంప కొట్టి మూసేశారు. మెట్ల మీదుగా ఎక్కాం, ఆయన ముందు, నేను వెనక. పైన ఊరి పెద్దలు నలుగురు నిలబడి ఉన్నారు. గోపురం మీద మిగతా బొమ్మలన్నీ నవనవలాడుతున్నాయి. ఆ రెండు ముఖాలే లేవు. తెల్లగా పూసి, ఊడిపోయి, లోపలి ఇటుక కనిపిస్తోంది. అమ్మవారికి ముఖం లేకపోవడం చూసి ఆడవాళ్లు చెంపలు వేసుకుంటున్నారు. గచ్చు పెచ్చులు కింద రాలి ఉన్నాయి. మామ ఒంగి ఒక పెచ్చు తీసుకున్నాడు. అలవాటుగా గోటితో గీకి, నాలుకకు తాకించాడు.

నన్ను చూశాడు. ఎంతోసేపు కాదు. పెచ్చును పంచె అంచుకు తుడిచి, గోడ మీద పెట్టాడు.

“బొమ్మ పని చేసేటప్పుడు నిష్ఠ తప్పినావా మేస్త్రీ?” అన్నాడు వాళ్లలో పెద్దాయన. బొమ్మకు ముఖం వేసే రోజుల్లో మేస్త్రీ ఒంటిపూట తిని, నేల మీద ఒంటరిగా పడుకుని, మనసులో వేరే తలపు లేకుండా ఉండాలి. అది తప్పితేనే బొమ్మ నిలవదని మా దిక్కున నమ్మకం.

“తప్పినాను సామీ” అన్నాడు మామ. “నా మనసులోనే తప్పుండాది. చేసినోని మనసు సరిగా లేకుంటే గచ్చు ఎట్ల నిలుస్తాది.”

వాళ్లు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇంకో మేస్త్రీని పిలిపిస్తామని, ఇక ఈయన గుట్ట ఎక్కనక్కరలేదని చెప్పి పంపేశారు. మెట్లు దిగుతూ సగంలో ఆయన ఆగాడు. నాకంటే ఒక మెట్టు కింద నిలబడి, వెనక్కి తిరిగాడు.

“ఆ చెలికత్తె మొగం ఎవురిదో నీకు తెలుసు కదా మే.”

“తెలుసు.”

“కావాలని చేయలేదు. చేసినాక చూసుకున్నాను. చెరిపేసేదానికి చెయ్యి రాలేదు. తప్పు నాదే.”

ఆయన అక్కడే నిలబడ్డాడు. గాలికి పంచె ఎగురుతోంది.

“నువ్వేమన్నా చెప్పేది ఉండాదా?”

“ఏమీ లేదు మామా.”

తల ఊపి, దిగడం మొదలుపెట్టాడు. నేను వెనకే దిగాను. మీకు దాచడమెందుకు, ఆ మెట్ల మీద నాకు లోపల సంతోషంగా కూడా ఉంది. ఒప్పుకున్నాడు కదా అని. గెలిచినట్టు.

ఆ తరువాత ఏ గుడి వాళ్లూ ఆయన్ను పిలవలేదు. అమ్మవారి ముఖం రాలిన చెయ్యి అన్న మాట కావేరిపట్టణం దాకా పాకింది. కొన్నేళ్లకు అది తెలియని వాళ్లెవరో కెలమంగలం నుంచి వచ్చి బొమ్మల పనికి పిలిచారు. నా చెయ్యి మంచిది కాదప్పా అని ఆయనే పంపేశాడు. ఇప్పుడు హోసూరులో ఇళ్లకు వెల్ల వేస్తాడు. దేవతలకు ముఖాలు పెట్టిన మనిషి చుట్టూ ఇప్పుడు గోడలే. నేను పక్కన నిలబడి వెల్ల కలిపి ఇస్తాను.

మునెమ్మను ఒకసారి కృష్ణగిరి సంతలో చూశాను. మెడ అలాగే వాలి ఉంది. “మేస్త్రీ బాగుండాడా అక్కా?” అంది. బాగున్నాడన్నాను. ఆ ముఖం తనదని ఆమెకు తెలియదనుకుంటాను. ఆ రోజు కూడా ఆమె మీద మంట తగ్గలేదు. పశ్చాత్తాపపడితే ఈర్ష్య పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

అసలు నన్ను పడుకోనివ్వనిది ఇంకొకటి. ఆ పెచ్చు నాలుకకు తాకించినప్పుడు ఆయనకు తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఉప్పు ఎవరి నాలుకకైనా ఉప్పే. ఆ గచ్చు రుబ్బింది ఎవరో ఆయన కంటే ఎవరికి తెలుసు? తెలిసీ పెద్దల ముందు తప్పు తన మీద వేసుకున్నాడు. మెట్ల మీద ఆగి, తన వంతు చెప్పేసి, నా వంతు అడిగాడు. నోరు తెరిచి అడిగాడు. నేను ఏమీ లేదన్నాను. ఎందుకన్నాను? ఎన్ని రాత్రులు ఈ ప్రశ్న వేసుకున్నానో. ఆయన తప్పు పెద్దదిగా ఉన్నంత కాలం నాది చిన్నదిగా ఉంటుందని కాబోలు.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మామ నా వంటలో ఉప్పు ఎక్కువైందని గాని తక్కువైందని గాని ఒక్క మాట అనలేదు. అంతకుముందు అనేవాడు. ఉప్పు ముద్ద నోట్లో పెట్టినావా మే అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు ఏది పెడితే అది తింటాడు.

నిన్న పరధ్యానంలో పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. నేను ఒక ముద్ద తిని ఉమ్మేశాను. ఆయన అప్పటికే గిన్నె ఖాళీ చేసి లేచాడు. తొట్టి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. బొమ్మల పని పోయి పదకొండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. నేను గడపలో నిలబడి మూడూ లెక్కపెట్టాను. మామా అని పిలిచాను. తిరిగి చూశాడు. ఆ మెట్టు మీద చూసినట్టే చూశాడు, నేనేమైనా చెబుతానేమో అన్నట్టు. మజ్జిగ కావాలా అని అడిగాను. వద్దన్నాడు.

ఆయనకు చెబుతానో లేదో ఇప్పటికీ తెలియదు. మీకైతే చెప్పాను. గోపురం గచ్చులో ఉప్పు వేసింది నేను. ఈ ముక్క రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. నా గొంతులో అది ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ నాకే తెలియదు.